పురిటి గదిలో ప్రభుత్వ బూజు

మా ఇంటి ఉత్తరపు గది గోడకి పళ్ళెమంత నల్ల బూజు పట్టిందని మా ఆవిడ ఈశ్వరమ్మ కనిపెట్టిన రోజునే, బూజు మీద చట్టం వచ్చిందని పేపర్లో పడింది. రెండూ ఒకే పూట తెలియడం దైవ సంకల్పమని నేను అనుకున్నాను. మా ఆవిడ మాత్రం తన ఖర్మ అంది.

నా పేరు సన్యాసిరావు. తూనికలు కొలతల శాఖలో ముప్పై రెండేళ్ళు పనిచేసి కిందటేడు రిటైరయ్యాను. శాఖ ముద్ర లేని కేజీ రాయి ఎంత బరువున్నా అది ఉత్త ఇనపముక్కే తప్ప కేజీ కాదని నమ్మి బతికినవాణ్ణి. చట్టమంటే చాలామందికి భయం, నాకు భక్తి.

అయితే ఆ గది మామూలు గది కాదు. మా అమ్మాయి హరిణి తొలి కాన్పుకి మా ఇంటికి వచ్చింది. శ్రావణమాసంలో నొప్పులు వస్తాయన్నారు. తల్లీబిడ్డలకి అదే పురిటి గది. మంచానికి తలవైపు గోడ మీదే ఆ బూజు. హరిణికి చిన్నప్పట్నుంచీ ఆయాసం ఉంది, చెమ్మ వాసన తగిలితే చాలు దగ్గు మొదలవుతుంది. అందుకని మా ఆవిడకి కంగారు.

"ఏటండీ అలా చూస్తారు? గుడ్డముక్క, చెంబుడు మైలతుత్తం నీళ్ళు, పైన రెండు పూతలు సున్నం. అరపూట పని. పైడిరాజుని పిలిచీమంటారా?" అంది.

పైడిరాజు ముప్పై ఏళ్ళుగా మా వీధిలో ఇళ్ళకి సున్నాలు వేసే మనిషి. ఆగమని చెప్పి పేపరు చదివి వినిపించాను.

ఎవరో పెద్ద అధికారి విదేశాలు చూసి వచ్చారట. అక్కడ గోడ మీది బూజుకి కూడా చట్టం ఉందట. మన దగ్గర బూజు పుష్కలంగా ఉండి చట్టం లేకపోవడం చూసి ఆయన సిగ్గుతో కుంగిపోయారట. తిరిగొచ్చిన ఆరు నెలలకల్లా ముప్పై తొమ్మిది సెక్షన్లతో చట్టమూ, 'గృహాంతర బూజు పరిశీలన, తొలగింపు క్రమబద్ధీకరణ సంస్థ' అనే పేరుతో ఒక ఆఫీసూ వెలిశాయి. సారాంశం ఏమిటంటే, లైసెన్సు లేనివాడు బూజు తుడవకూడదు. బూజును పరిశీలించేవాడు తుడవకూడదు, ఎందుకంటే పని కోసం లేని బూజును కూడా ఉందని రాసే ప్రమాదం ఉంది. అదే న్యాయం ప్రకారం తుడిచేవాడు పరిశీలించకూడదు.

"బాగా ఆలోచించి రాశారు" అన్నాను.

"బూజు పట్టకూడదని రాయలేదా?" అంది ఈశ్వరమ్మ.

"అది బూజు ఇష్టం. చట్టం మనుషులకి" అన్నాను.

రెండు వారాలు ఓపిక పట్టి, ఆ తర్వాత నాకు చెప్పకుండా పైడిరాజుకి కబురు పెట్టింది. అతను వచ్చాడు గాని గుమ్మం దాటలేదు. గోడకేసి చూడాల్సి వస్తుందేమోనని తల కూడా దించుకున్నాడు.

"నాకు లైసెన్సు రానేదు బావూ. పరీచ్చ తప్పీసినాను" అన్నాడు.

"నువ్వా! ఏమడిగారు?"

"బూజు అనగానేమి, వివరింపుము అని అడిగినారు. బూజంటే గోడకి పట్టీది, తుడిస్తే పోయీది అని రాసినాను. మొదటి ముక్కకి అర మార్కేసినారు. రెండో ముక్క కొట్టీసినారు. తుడిస్తే పోతాదని నువ్వెవుడివి సెప్పడానికి, అది పరిశీలకుడు తేల్సాల అన్నారు."

"ఎవరికి వచ్చిందోయ్ లైసెన్సు?"

"ధర్మారావని, ట్యూషన్లు సెప్పుకునే మాస్టారు. నూటికి తొంబై ఆరంట. ఆయన జలమలో సున్నం బుర్రుసు ముట్టుకోనేదు బావూ, ఆయన్ని అనడానికి నేదు, రాత సక్కనిది."

నేను సంస్థ ఆఫీసుకి వెళ్ళాను. కిటికీ దగ్గర గుమాస్తా దరఖాస్తు అందుకుని పైనుంచి కిందికి చదివాడు. 'బూజు వలన బాధితుల వివరములు' అన్నచోట మా అమ్మాయి పేరు, దాని కింద 'పుట్టబోయే శిశువు' అని రాశాను. అత్యవసరం కింద తీసుకుంటారని ఆశ.

"శిశువు పుట్టిన తేదీ రాయలేదు" అన్నాడు.

"ఇంకా పుట్టలేదండి."

"మరి ఇంకా పుట్టనివాడు బాధితుడెలా అవుతాడు?"

"పుట్టాక అవుతాడేమోనని ముందే..."

"ముందుజాగ్రత్త అనే కాలమ్ మా దగ్గర లేదండి. పుట్టనివ్వండి, బాధపడనివ్వండి, అప్పుడు అత్యవసరంలో పెడదాం. ప్రస్తుతానికి సాధారణం" అని ముద్ర కొట్టాడు. మనసు చివుక్కుమంది గాని, తర్కంలో తప్పు పట్టలేకపోయాను.

పదిహేను రోజులకి పరిశీలకుడు వచ్చాడు. పేరు కాశీవిశ్వనాథ్, నలభై ఏళ్ళుంటాయి, మెళ్ళో గుర్తింపు కార్డు, చేతిలో టేపు, చంకలో గొడుగు. మనిషి మర్యాదస్తుడే. గోడ దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు. తర్వాత సుద్దముక్కతో బూజు చుట్టూ హద్దు గీసి, మధ్యలో కాకుండా పక్కన నంబరు వేశాడు. అరవై ఒకటి బై ఉత్తరం.

"ఈ క్షణం నుంచి ఇది సంస్థ స్వాధీనంలోని బూజు. యథాతథ స్థితిలో ఉంచవలసిన బాధ్యత గృహస్థులది. తొలగింపుదారు వచ్చేవరకు ఎవరూ దీన్ని తాకరాదు, తగ్గించరాదు, దాచరాదు" అన్నాడు.

"ఆ ధర్మారావు గారిని మీరే కాస్త తొందరగా పంపుదురూ. పిల్ల నెలలు నిండుతున్నాది" అంది మా ఆవిడ.

"క్షమించాలమ్మా. ఆయనెవరో నాకు తెలియకూడదు. నేనెవరో ఆయనకి తెలియకూడదు. తెలిస్తే కుమ్మక్కు" అని టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత వానలు వెనక్కి తగ్గి, పది రోజులు రోళ్ళు పగిలేలా ఎండ కాసింది. ఈశ్వరమ్మ కిటికీ తలుపులు బార్లా తెరిచింది. ఎండపొడ సరిగ్గా ఆ గోడ మీదే పడింది. రోజు రోజుకీ బూజు ఎండి, పొడిపొడిగా రాలిపోయి, పళ్ళెమంతది సాసరంత అయింది. హరిణి దగ్గు తగ్గి రాత్రిళ్ళు నిద్రపోతోంది. అమ్మయ్య, దేవుడే తుడుస్తున్నాడనుకున్నాం.

మధ్యంతర తనిఖీకి వచ్చిన కాశీవిశ్వనాథ్ టేపు పెట్టి కొలిచి నిర్ఘాంతపోయాడు.

"సన్యాసిరావు గారూ, మూడింట రెండు వంతులు లేదు!"

"ఎండకి పోయిందండి."

"ఎండకి లైసెన్సు ఉందా?"

నేను కిటికీలోంచి ఎండకేసి చూశాను.

"లేదు కదా. అంటే ఇది అనధికార తొలగింపు. ఎండ మీద చర్య తీసుకునే అధికారం సంస్థకి లేదు. కాబట్టి ప్రోద్బలం చేసినవారి మీద తీసుకుంటాం. ఆ కిటికీ ఎవరు తెరిచారు?"

"నేనే తెరిచాను. ఇల్లు నాది, కిటికీ నాది. ఏటి చేస్తారో చేసుకోండి" అంది ఈశ్వరమ్మ కొంగు బిగించి.

సెక్షన్ ఇరవై రెండు ప్రకారం చేయగలిగినవన్నీ అతను చదివాడు. జరిమానా, దాని మీద ఆరు నెలలు జైలు. ముప్పై రెండేళ్ళ సర్వీసులో ఒక్క మెమో అందుకోనివాణ్ణి, ఆ కాగితం అడిగి తీసుకుని నేనూ రెండుసార్లు చదివాను. అతనే జాలిపడి దారి చూపించాడు. ముప్పై రోజుల్లోగా బూజును సుద్ద హద్దు వరకు పునరుద్ధరిస్తే కేసు ఉండదు.

ఆ మర్నాటి నుంచి నేను చేసిన పని రాయడానికి సిగ్గేస్తోంది. అయినా రాస్తాను. కిటికీ మూసి, మేకు కొట్టాను. ఇస్త్రీ బట్టల మీద నీళ్ళు చల్లే సీసా తెచ్చి పొద్దునా సాయంత్రం గోడ మీద చల్లాను. బియ్యం కడిగిన నీళ్ళయితే ఇంకా బాగా పడుతుందని ఎవరో చెబితే అవీ చల్లాను. గులాబీ మొక్కకి కూడా నేనింత సేవ చెయ్యలేదు. వారంలో బూజు కోలుకుంది. రెండు వారాల్లో హద్దు చేరింది. అక్కడితో ఆగితే బాగుండేది. దాటి పక్కకి పాకబోతే తడిగుడ్డతో తుడవడానికి వీల్లేదు కాబట్టి, ఉఫ్ ఉఫ్ అని ఊదుతూ దాన్ని అదుపులో పెట్టుకోవలసి వచ్చింది.

హరిణి మంచం హాల్లోకి మార్చేశాం. అయినా ఇల్లంతా ముక్కవాసన. ఒక పొద్దున నేను సీసాతో వెళ్తుంటే ఎదురొచ్చింది. దగ్గి దగ్గి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నాన్నా, నాకోసం ఏనాడైనా ఇంత శ్రద్ధగా లేచావా?" అంది.

నవ్వుతూనే అంది గాని నాకు అన్నం సయించలేదు. మా ఆవిడైతే నాతో మాట్లాడ్డం మానేసి, చెప్పాల్సినవన్నీ బూజుతో చెప్పడం మొదలుపెట్టింది. "ఏమ్మా, నీ తండ్రి వచ్చేడు. నీళ్ళు పొయ్యించుకో. కడుపున పుట్టినదాని గురించి ఆయనకి తీరిక లేదు, పాపం" అనేది నేను వినేలా.

తొలగింపుదారు ధర్మారావు మాస్టారు వచ్చిన రోజుకి హరిణికి తొమ్మిది నిండాయి. తెల్ల కోటు, చేతులకి తొడుగులు, మూతికి గుడ్డ. గుమ్మంలో నిలబడి జేబులోంచి నల్లగుడ్డ తీసి కళ్ళకి గంతలు కట్టుకున్నాడు.

"ఇదేటండీ?" అంది ఈశ్వరమ్మ.

"చూచుట పరిశీలన కిందికి వస్తుందమ్మా. తొలగింపుదారు పరిశీలన చేయరాదు. సెక్షన్ తొమ్మిది" అన్నాడు మాస్టారు, పద్యం అప్పజెప్పినట్టు.

"మరి ఎక్కడ తుడవాలో ఎలా తెలుస్తుంది?"

"తెలియుట నా విధి కాదు. తుడుచుట నా విధి."

ఒక చేత్తో బ్రష్షు, ఇంకో చేత్తో గోడ తడుముకుంటూ బయల్దేరాడు. మొదట తలుపు తుడిచాడు. తర్వాత క్యాలెండరు తుడిచాడు, ఆషాఢమాసం సగం చెరిగిపోయింది. బీరువా అద్దం చాలా శ్రద్ధగా తుడిచాడు. ఈశ్వరమ్మ ఆగలేక "కుడివేపు బాబూ, కుడివేపు! ఇంకొంచెం పైకి!" అని అరిచింది. ఆయన బ్రష్షు దించేశాడు.

"అమ్మా, దారి చెప్పుట సలహాదారు లైసెన్సు కిందికి వస్తుంది. అది ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. మీరు మాట్లాడితే నేను పని ఆపవలసి ఉంటుంది."

మూడు గంటలకి ఆయన బూజు ఉన్న గోడ చేరాడు. బ్రష్షు పైనుంచి గుండ్రంగా తిరిగి సుద్దతో గీసిన హద్దును నాలుగువైపులా శుభ్రంగా తుడిచేసి, లోపలికి వెళ్ళకుండా కిటికీ మీదికి పోయింది. ఆయన గంతలు విప్పకుండానే 'తొలగింపు సంపూర్ణం' అని కాగితం మీద సంతకం పెట్టి, గుమ్మం బయటికెళ్ళి గంతలు విప్పుకుని, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు? తొంభై ఆరు మార్కులు తెచ్చుకున్నవాడు.

మర్నాడు కాశీవిశ్వనాథ్ వచ్చి కాగితం చదివాడు, గోడ చూశాడు, మళ్ళీ కాగితం చదివాడు.

"పాత బూజు పోయింది. రికార్డు స్పష్టంగా ఉంది."

"మరి ఇదేమిటండీ?" అన్నాను.

"ఇది కొత్తది. కొత్త దరఖాస్తు పెట్టుకోండి. అయితే ఒక శుభవార్త. ఇంత చక్కగా హద్దు మీరకుండా పెంచిన బూజు జిల్లాలో మరోటి లేదు. గడువు రోజున తీసిన ఫోటో మా సంచాలకులకి చూపించాను. వచ్చే గురువారం స్వయంగా చూడ్డానికి వస్తున్నారు. మీకు ప్రశంసాపత్రం ఇస్తారు."

నిజం ఒప్పుకోవాలి. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇంట్లో ఇంత జరుగుతున్నా, ఆ మాట వినగానే నా ఛాతీ రెండంగుళాలు పొంగింది. సర్వీసులో రాని ప్రశంసాపత్రం బూజు వల్ల వస్తోంది. ఇస్త్రీకి తెల్ల చొక్కా వేశాను.

ఆదివారం మధ్యాహ్నం హరిణికి నొప్పులొచ్చాయి. ఆస్పత్రిలో సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. నర్సు తెచ్చి నా చేతుల్లో పెట్టింది. నేను ముందుగా బరువు చూశాను, అలవాటు. అంతా కలిపి రెండున్నర కేజీలు ఉంటుంది. తర్వాత ముక్కు చూశాను. ఆ ముక్కు రంధ్రాలు ఆవగింజంత ఉన్నాయి. వాటితోనే ఊపిరి పీల్చుకుంటోంది, చాలా కష్టపడి, చాలా శ్రద్ధగా. ఈ ఊపిరి కోసం నేను నెల రోజులుగా గోడకి బియ్యం కడుగు చల్లుతున్నాను.

ఏడుపొచ్చింది. ఆస్పత్రి వరండాలో, అందరూ చూస్తుండగా ఏడ్చాను. సంతోషానికి అనుకుని ఎవరో స్వీటు ఇమ్మన్నారు.

బుధవారం ఇంటికి పంపిస్తామన్నారు. మంగళవారం పొద్దున్నే పైడిరాజు ఇంటికి వెళ్ళాను.

"నానేటి సెయ్యగల్ను బావూ? పట్టుకుంటే నా బుర్రుసులు లాగీసుకుంటారు. అదే నా కూడు" అన్నాడు.

"పట్టుకుంటే నేనే తుడిచానని చెబుతాను. నువ్వు పక్కనుండి ఎలాగో చెప్పు చాలు" అన్నాను. ముప్పై రెండేళ్ళు ముద్రలు తనిఖీ చేసిన చేత్తో అతని చెయ్యి పట్టుకున్నాను. అతను నా మొహం చూసి, సున్నం డబ్బా తీశాడు.

మేకు పీకి కిటికీ తెరిచాం. మైలతుత్తం నీళ్ళతో నేనే తుడిచాను. పైడిరాజు "అలా కాదు బావూ, కింద నుంచి పైకి" అని రెండుసార్లు చెప్పి, ఇంక చూడలేక నా చేతిలో గుడ్డ లాక్కున్నాడు. గోడ ఆరాక, సున్నంలో కాసింత నీలిమందు కలిపి రెండు పూతలు వేశాడు. అన్నం వేళకల్లా అయిపోయింది. మా ఆవిడ చెప్పినట్టు అరపూట పని. గది గది అంతా వెన్నెల కాసినట్టు ఉంది. భయం పోలేదు, అయినా నేను చేసిన ఉద్యోగాలన్నిటిలోకీ మంచి ఉద్యోగం అదేననిపించింది.

బుధవారం తల్లీబిడ్డలు వచ్చారు. గురువారం పదింటికి సంచాలకులు వచ్చారు. పట్టుపంచె, నుదుట కుంకుమ, వెనక నలుగురు సిబ్బంది, వాళ్ళ వెనక కాశీవిశ్వనాథ్. ప్రశంసాపత్రం అట్టపెట్టెలో ఉంది.

"బూజు అనునది కేవలం బూజు కాదు సన్యాసిరావు గారూ, అది ఒక వ్యవస్థ. మీవంటి పౌరులు ఉన్నంతవరకు ఆ వ్యవస్థకు ఢోకా లేదు. పదండి, దర్శిద్దాం" అన్నారు.

ఉత్తరపు గది గుమ్మానికి అడ్డంగా ఈశ్వరమ్మ నిలబడింది. కొంగు నడుముకి చుట్టి ఉంది.

"పురిటి గదండీ. నిన్ననే వచ్చేరు, ఇంకా పురిటి స్నానం కాలేదు. మీరు లోపలికి వస్తానంటే నేను కాదన్ను. మైల పట్టింపు లేకపోతే రండి. బయటికి రాగానే తలకి పోసుకోడానికి నూతి దగ్గిర బిందె పెట్టిస్తాను" అంది.

సంచాలకుల కాలు గాల్లోనే ఆగింది. అక్కణ్ణుంచి తిన్నగా దేవుడి దర్శనానికి వెళ్ళాలి వారు, అందుకే పట్టుపంచె. సిబ్బంది ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ముప్పై తొమ్మిది సెక్షన్లలో పురిటి మైల గురించి ఒక్క ముక్క లేదు. అయినా ఒక్కడూ గుమ్మం దాటలేదు.

తలుపు ఓరగా ఉంది. లోపల్నించి పసిపిల్ల ఏడుపు, దాంతోపాటు పచ్చి సున్నం వాసన గుప్పున వచ్చాయి. ఆ వాసన అందరికీ తగిలింది. సంచాలకులు ముక్కు ఎగబీల్చి కాశీవిశ్వనాథ్ కేసి చూశారు.

"పరిశీలకులు ఏమంటారు?"

కాశీవిశ్వనాథ్ తల గుమ్మంలోకి వంచి, చాలాసేపు చూశాడు. అతనికి గోడ కనిపిస్తుందని నాకు తెలుసు.

"యథాతథంగా ఉందండి" అన్నాడు, అని రాశాడు. కింద గృహస్థు సంతకం కావాలన్నాడు. జీవితంలో మొదటిసారి తెలిసి తెలిసి అబద్ధం కింద సంతకం పెట్టాను.

సంచాలకులు నాకు ప్రశంసాపత్రం ఇచ్చి, ఫోటో తీయించుకుని, ముట్టుకున్నామేమోనని చేతులు తుడుచుకుంటూ జీపెక్కారు. అందరూ వెళ్ళాక చూస్తే వీధి గేటు దగ్గర కాశీవిశ్వనాథ్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. వాన తుంపర పడుతోంది, గొడుగు విప్పలేదు.

"ఏమండీ, కేసా?" అన్నాను.

తల అడ్డంగా ఊపాడు.

"మా అమ్మ పడుకునే గదిలో కూడా ఉందండి. నెత్తిమీద వరకూ వచ్చీసింది. నా ఇల్లు నేను పరిశీలించకూడదు, సొంత ప్రయోజనం అంటారు. మిగతా పరిశీలకులు నా తోటివాళ్ళు, వాళ్ళూ చూడకూడదు. చట్టం వచ్చి మూడు నెలలైపోయింది. రాత్రుళ్ళు పడుకోలేక గోడకి చేరబడి కూచుంటాది. ఆవిడ గుక్క తిప్పుకోలేకపోతోందండి" అన్నాడు. "ఈ సున్నం ఎవరేశారు?"

చూసేవాడికి తుడిచేవాడి పేరు తెలియకూడదని అతనే నాకు చెప్పాడు. చేతిలో వేరే కాగితం లేదు. ప్రశంసాపత్రం తిరగేసి, వెనకాల పైడిరాజు పేరు, వీధి, ఇంటి గుర్తు రాసి ఇచ్చాను. అతను వానకి తడవకుండా దాన్ని చొక్కా లోపల పెట్టుకుని, గొడుగు సంగతి మరిచిపోయి, పరిగెత్తుకుంటూ వెళ్ళాడు.